తల్లి పేరు రాసే గడి

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "మేడం, ఏ వెబ్‌సైటు?" అని. వెబ్‌సైట్ల సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఎవరూ అడగని సంగతులే నేనిక్కడ రాస్తున్నాను.

పదిహేనేళ్లు హిందూపురం బస్టాండు దగ్గర పాస్‌పోర్టు దరఖాస్తులు నింపే దుకాణం నడిపాను. గల్ఫ్‌కు పోయే గోరంట్ల, బుక్కపట్నం మనుషులే నా గిరాకీ. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలు వచ్చాక, విడిభాగాలు చేసే ఒక కొరియా కంపెనీలో చేరాను. అక్కడ పని తిరగబడింది. అంతవరకు మనవాళ్లను బయటికి పంపడానికి కాగితాలు రాసేదాన్ని, ఇప్పుడు బయటివాళ్లను ఇక్కడ ఉంచడానికి రాయాలి. యాభై నాలుగో ఏట నా అంతట నేనే మానేశాను. ప్రమోషన్ల గురించి రాయను. రాసేంత రాలేదు కూడా.

కంపెనీ నా కుర్చీకి పెద్ద పేరే పెట్టింది. పని మాత్రం ఒక్కటే. ఒక మనిషి తానే ఆ మనిషి అని, ఆ మనిషి మొహం ఎన్నడూ చూడని ఆఫీసును నమ్మించడం.

వినడానికి సులువే. కొరియా నుంచి ఇంజనీరు దిగుతాడు. ఒకరోజు లోపల ఇంటి ఓనరు 'మా ఇంట్లో విదేశీయుడు దిగాడు' అని ఆన్‌లైన్లో చెప్పాలి. అతనికి సిమ్ కావాలంటే అడ్రసు ఉండాలి. అడ్రసుకు అగ్రిమెంటు, అగ్రిమెంటుకు ఓటీపీ. ఆ ఓటీపీ రావాలంటే సిమ్. ఈ గానుగ చుట్టూ ఎద్దులా తిరగడానికే నాకు జీతం. మొదటి వారం నవ్వొస్తుంది, రెండో వారం ఏడుపొస్తుంది, మూడో వారం ఎవర్నో ఒకర్ని తిట్టాలనిపిస్తుంది. గుమాస్తాను తిట్టి పని చేయించుకున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. తిట్టినవాళ్లను మాత్రం చూశాను. వాళ్లలో మొదటిదాన్ని నేనే.

తెరవని పాస్‌పోర్టు

కిమ్ మిన్సు అని మా కంపెనీ ఇంజనీరు. భార్య పేరు పార్క్ సోయన్. వాళ్ల దేశంలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, మన పద్ధతే. పెనుకొండలో ఖాదర్‌బీ అనే ఆమె మిద్దె మీద కాపురం. ఖాదర్‌బీ భర్త పోయాడు, పిల్లల పెళ్లిళ్లయ్యాయి, కిందింట్లో ఒక్కతే ఉండేది. సోయన్ అనే పేరు ఆమె నోట్లో రెండు రోజులు కూడా నిలవలేదు. మూడో రోజుకు సోయమ్మ అయింది.

సోయన్‌కు నెలలు నిండాయి. డాక్టరు చెప్పిన గడువుకు పది రోజుల ముందే నొప్పులు వచ్చాయి. మిన్సు ఆ రోజు చెన్నైలో ఉన్నాడు. ఖాదర్‌బీ, నేను కంపెనీ కారులో సోయన్‌ను హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాం. దారి పొడవునా సోయన్ ఖాదర్‌బీ చెయ్యి పట్టుకుని వాళ్ల భాషలో ఏదో అంటూనే ఉంది. ఖాదర్‌బీ తన భాషలో జవాబు చెబుతూనే ఉంది. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, ఇద్దరూ మాట్లాడటం ఆపలేదు.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. జననం నమోదు చేసే ఫారం ఆసుపత్రివాళ్లు నా చేతికిచ్చారు. ఇలాంటివి వందల సంఖ్యలో నింపిన చెయ్యి. తండ్రి పేరు: కిమ్ మిన్సు. తల్లి పేరు: కిమ్ సోయన్. పెళ్లయిన ఆడదానికి మొగుడి ఇంటిపేరు వస్తుంది, అందులో ఆలోచించేదేముంది? సోయన్ పాస్‌పోర్టు నా సంచిలోనే ఉంది. తెరవలేదు. తెరవాల్సిన అవసరం ఉందని కూడా అనిపించలేదు. ఒకటిన్నర నిమిషంలో నింపి ఇచ్చి, ఆ వేగానికి నాలో నేనే మురిసిపోయాను.

పాతికేళ్ల అనుభవం ఇలాంటి ముచ్చట్లకే పనికొస్తుంది.

ఈ తల్లి ఎవరు?

బిడ్డకు పద్దెనిమిదో రోజు. పాస్‌పోర్టు కోసం పంపిన కాగితాల మీద చెన్నైలోని వాళ్ల కాన్సులేటు నుంచి జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. కిమ్ మిన్సు గారి కుటుంబ రికార్డులో కిమ్ సోయన్ అనే భార్య లేరు. ఈ శిశువు తల్లి ఎవరో తెలుపగలరు.

ఆ జవాబును రెండుసార్లు చదివాను. ఖాదర్‌బీ మిద్దె మీద బిడ్డకు పాలిస్తున్న మనిషి, ప్రపంచంలో ఏ కాగితం ప్రకారమూ ఆ బిడ్డకు తల్లి కాదు.

అంతకు ముందురోజే సోయన్‌కు కొరియా నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లమ్మకు గుండె ఆపరేషన్. తేదీ ఇచ్చేశారు, ఇరవై మూడు రోజులే ఉంది. తండ్రి లేడు, తోబుట్టువులు లేరు. ఆపరేషన్‌కు ముందు అమ్మ కంటికి ఒక్కసారి కనపడాలి, బిడ్డను చూపించాలి, అంతే ఆమె కోరిక. సోయన్ పోవచ్చు, ఆమెకు పాస్‌పోర్టు ఉంది. పాలు తాగే బిడ్డకు లేదు. అది వచ్చాక మన దేశం విడిచి పోవడానికి అనుమతి కూడా కావాలి. అన్నిటికీ అడుగున జనన ధ్రువపత్రం ఉంది. దాని మీద లేని మనిషి పేరు ఉంది.

తప్పు ఆఫీసుదే అనుకుని నేను ఆవేశంగా హిందూపురం మున్సిపల్ ఆఫీసుకు పోయాను. జనన మరణాల గుమాస్తా పేరు రామాంజులు, రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. గుమ్మంలోనే మొదలుపెట్టాను.

"ఏం సార్, కండ్లు మూసుకొని ఎక్కిస్తారా పేర్లు? ఒక బిడ్డకు తల్లి లేకుండా చేసినారు మీరు!"

ఆయన తలెత్తి చూశాడు. "కూర్చోమ్మా. నీళ్లు తాగు. అరిచేది తర్వాత అరుస్తువుగానీ."

"నేను కూర్చునేదానికి రాలేదు."

"సరే, నిలబడే చూడు." లోపలికి పోయి ఆసుపత్రి పంపిన ఫారం తెచ్చి, నావైపు తిప్పి బల్ల మీద పెట్టాడు. "ఈ అక్షరాలు ఎవరివి మేడం?"

నావే. 'కి' గుడిని కొంచెం ఎక్కువ సాగదీసి రాయడం నా అలవాటు, ఎవరైనా గుర్తుపడతారు.

కూర్చున్నాను. నీళ్లు తాగాను.

సంతకం పెట్టనన్న మనిషి

మా హెచ్‌ఆర్ మేనేజరు బెంగళూరు మనిషి. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "పద్మా మేడం, ఎందుకింత టెన్షన్? కిమ్ సోయన్, పార్క్ సోయన్ ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్ ఒకటి కొట్టించండి. అందరూ చేసేదేగా" అన్నాడు.

నిజమే, అందరూ చేసేదే. నేనే మూడుసార్లు చేశాను. స్కూలు సర్టిఫికెట్లో మా నాయన ఇంటిపేరు, ఆధార్‌లో మొగుడి ఇంటిపేరు, బ్యాంకులో రెండూ కాని ఒక పొట్టి పేరు. ఆ ముగ్గురూ నేనే అని స్టాంపు కాగితం మీద ఒట్టేసి బతుకుతున్నాను. కాబట్టి ఆ సాయంత్రమే అఫిడవిట్ టైపు చేయించి పెనుకొండ మిద్దె ఎక్కాను.

సోయన్ కాగితాన్ని ఫోన్లో పెట్టి తన భాషలోకి మార్చుకుని రెండుసార్లు చదివింది. తర్వాత ఇంగ్లీషులో అడిగింది, మెల్లగా.

"ఈ కిమ్ సోయన్ ఎవరు?"

"మీరే."

"నేను కాదు."

"మీరేనమ్మా, కాగితం కోసం."

ఆమె తల అడ్డంగా ఊపి విడమరిచి చెప్పింది. వాళ్ల దేశంలో ఆడది పుట్టిన ఇంటిపేరుతోనే పోతుందట. పెళ్లితో పేరు మారదు. "కిమ్ సోయన్ అని వింటే మా ఊళ్లో ఎవరైనా నన్ను మా ఆయనకు చెల్లెలు అనుకుంటారు" అంది.

ఆ మాటను నేను తెలుగులో చెప్పగానే గడపలో కూర్చున్న ఖాదర్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ! మొగునికి చెల్లెల్ని చేసి పెట్టినావా పద్మమ్మా! ఇంత సదువుకొని!"

"నువ్వుండు బీబమ్మా, ఈడ కొంపలు మునుగుతాంటే."

"నేనెందుకుండల్ల? నా పేరు పుట్టినకాడి నుంచి ఖాదర్‌బీనే. మొగుడు పోయినాడు, పేరు యాడికీ పోలే."

నేను సోయన్‌తో వాదించాను. వాదించడం నాకు ఊపిరి పీల్చినంత తేలిక. రోజులు లేవన్నాను. మీ అమ్మను గుర్తు చేసుకోమన్నాను. ఒక్క సంతకం, ఎవరికీ నష్టం లేదన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతూనే ఉన్నాయి, కలం మాత్రం ముట్టుకోలేదు.

"నాకు ఇంకో పేరు ఎప్పుడూ లేదు. ఉందని సంతకం పెడితే అది అబద్ధం. ఇది నా కూతురి మొదటి కాగితం. దాని మీద అబద్ధం వద్దు" అంది. అఫిడవిట్ చూపించి, "మీరు ఇలాంటిది ఎన్ని పెట్టారు?" అని అడిగింది.

"మూడు."

"అయితే మీ అసలు పేరు ఏది?"

ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. తల్లి ఆపరేషన్ బల్ల మీదికి పోబోతోంది, ఒళ్లో బిడ్డకు ఊరూ పేరూ లేదు, పరాయి దేశంలో ఇరుక్కుంది. అయినా ఒక్క అబద్ధపు అక్షరానికి లొంగలేదు ఆ మనిషి. ఆమె ముందు నేను చిన్నపిల్లలా నిలబడ్డాను. అఫిడవిట్‌ను నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని మెట్లు దిగాను.

ధర్మవరం

మరునాడు మళ్లీ రామాంజులు ముందు కూర్చున్నాను. ఈసారి గుమ్మంలో అరవలేదు.

"తప్పు నాది సార్. దోవ చెప్పండి."

"ఇట్ల వస్తే ఎంత బాగుండాది!" అన్నాడు ఆయన. "ఆసుపత్రి నుంచి ఒక లెటరు, తల్లి పాస్‌పోర్టు, ఆ పొద్దు జరిగింది కండ్లారా చూసిన ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరూ నా ముందర చెప్పల్ల."

"ఒకరు నేను."

"నువ్వు పనికిరావు మేడం. తప్పు రాసిన చెయ్యే సాక్షి చెప్తే ఎట్ల?"

ఖాదర్‌బీ ఒకరు. రెండో మనిషి కాన్పు గదిలో ఉన్న నర్సు మేరీ. ఆసుపత్రిలో అడిగితే సెలవులో ఉంది, ధర్మవరంలో పుట్టింట్లో ఉందన్నారు. ఫోన్ ఎత్తడంలేదు. కారు పట్టుకుని పోయాను.

ఆ వీధిలో ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే. మేరీ వాళ్ల నాయన గుంటమగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. ఇంటి ముందర కుర్చీలు దించుతున్నారు. మేరీ చేతుల నిండా గోరింటాకు.

"అక్కా, రేపు మా తమ్ముని నిశ్చితార్థం. ఎట్ల వచ్చేది?"

నేను జరిగింది చెప్పాను. మగ్గం ఆగలేదు. మధ్యలోంచి ఆ పెద్దాయన గొంతు వచ్చింది. "పోయిరా పాపా. పొద్దున పోతే మధ్యాన్నానికి వస్తావు. నువ్వు లేవని వాడేమన్నా పెండ్లి మానుకుంటాడా?"

"ఏం నాయనా, నా మీద ఇంత ప్రేమా!"

"పసిబిడ్డకు తల్లి లేదంటాండారు కదమ్మా" అన్నాడు ఆయన. మగ్గం మీద నాడె అటూ ఇటూ ఆడుతూనే ఉంది.

అప్పుడు మేరీ చెప్పింది. "ఆయమ్మను నేను పేరు అడిగినా అక్కా. నొప్పుల్లో కూడా రెండుసార్లు నిదానంగా చెప్పింది, పార్క్ సోయన్ అని. అట్లనే ట్యాగు మీద రాసి పాప కాలికి కట్టినా."

ఇరవై ఆరేళ్ల పిల్ల నోరు తెరిచి పేరు అడిగింది. పాతికేళ్ల అనుభవం ఉన్న నేను అడగలేదు. ఈ ఒక్క వాక్యం మీకు గుర్తుంటే మిగతాదంతా మరిచిపోయినా పరవాలేదు.

ఆ ట్యాగు ఎవరు దాచిపెడతారు? ఆశ లేకుండానే ఖాదర్‌బీకి ఫోన్ చేశాను.

"ట్యాగా? కాలికి కట్టిన ఆ పట్టీనే కదా? బొడ్డు ఊడినపొద్దు దాంట్లోనే చుట్టి నా ఆకువక్కల డబ్బీలో పెట్టినా. తాయెత్తు చేయించల్లని. సోయమ్మ కూడా సైగ చేసింది, వాళ్ల దేశంలోనూ దాపెడతారంట."

నేను ధర్మవరం వీధిలో అలాగే నిలబడిపోయాను. ఒకరి మాట ఒకరికి తెలియని ఇద్దరు ఆడవాళ్లు, ఒక ఎండిన బొడ్డుపేగును ఏం చేయాలన్న దాంట్లో మాత్రం మాట్లాడుకోకుండానే ఒప్పుకున్నారు.

మార్జిన్

మరునాడు పొద్దున పదిన్నరకు అందరం మున్సిపల్ ఆఫీసులో ఉన్నాం. బిడ్డను ఎత్తుకుని సోయన్, మిన్సు, గోరింటాకు చేతులతో మేరీ, డబ్బీతో ఖాదర్‌బీ. రామాంజులు సోయన్ పాస్‌పోర్టు తెరిచి ప్రతి అక్షరం మీద వేలు పెట్టి చదివాడు. మేరీ చెప్పింది రాసుకున్నాడు. ఖాదర్‌బీ వంతు వచ్చేసరికి ఆమె డబ్బీ మూత తీసి బల్ల మీద పెట్టింది.

తెల్లటి ప్లాస్టిక్ పట్టీ, దాని మీద నీలం ఇంకుతో మేరీ రాసిన తల్లి పేరు. పట్టీ లోపల మిరియం గింజంత నల్లటి ముక్క.

రామాంజులు కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశాడు. చూసి, కుర్చీలోంచి లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదనుకుంటాను. ఇరవై ఎనిమిదేళ్లుగా పుట్టుకలు రాస్తున్నాడట, పుట్టుక బల్ల మీదికి రావడం మొదటిసారి. "మూత పెట్టమ్మా, గాలికి పోతాది" అన్నాడు మెల్లగా. నిలబడే రిజిస్టరు తెరిచాడు. ఇప్పుడంతా కంప్యూటరే అయినా ఆ లావుపాటి పుస్తకాన్ని ఆయన వదలలేదు.

తప్పు పేరు మీద అడ్డగీత కొడతాడని నేను ఎదురుచూశాను. కొట్టలేదు. పక్కనున్న ఖాళీలో రాయడం మొదలుపెట్టాడు.

"అది కొట్టేయరా సార్?"

"కొట్టేయకూడదు మేడం. రాసింది రాసినట్లే ఉండల్ల. పక్కన సరైంది రాసి, సంతకం పెట్టి, తేదీ వేయల్ల. రేపు ఎవరు చూసినా ముందు ఏముండె, తర్వాత ఏమైంది, రెండూ కనపడల్ల."

పాతికేళ్లు కాగితాల మధ్య బతికాను. కాగితం అంటే మనిషిని సతాయించడానికి పుట్టిందనే నా అభిప్రాయం, గట్టిగానే చెప్పేదాన్ని. ఆ పొద్దు ఆ సన్నటి మార్జిన్‌లో ఆయన వంకరటింకర అక్షరాలు ఒకటొకటే పడుతుంటే, గుడిలో హారతి ముందు నిలబడినట్లు నిలబడ్డాను. నా తప్పును దాచలేదు, నన్ను తిట్టనూ లేదు. దాని పక్కన చోటు మిగిలి ఉంది, అంతే. ఆ చోటు వదిలిపెట్టి గీత గీసిన మొదటి మనిషి ఎవరో, వాడికి దండం.

మేరీ పన్నెండు గంటల బస్సుకే ధర్మవరం పోయింది. నిశ్చితార్థం ఆగలేదు.

కళ్లు తెరిచిన ఫోటో

తర్వాత పరుగే. పాస్‌పోర్టుకు టైము చాలదని కాన్సులేటు ఒక్క ప్రయాణానికి సరిపోయే పత్రం ఇస్తామంది. దానికి బిడ్డ ఫోటో కావాలి. వెనక తెలుపు, కళ్లు తెరిచి ఉండాలి, ఎవరి చెయ్యీ కనపడకూడదు. పెనుకొండ స్టూడియోలో తెల్ల దుప్పటి పరిచి రెండు గంటలు పడ్డాం. కెమెరా ఎత్తితే కళ్లు మూస్తుంది, దించితే తెరుస్తుంది. చివరికి ఖాదర్‌బీ బీరువా తాళాల గుత్తి ఆడిస్తే, ఎవరీ మనుషులు అన్నట్టు ఒక్క చూపు చూసింది. ఆ చూపే ఫోటో అయింది.

పత్రం వచ్చింది. దేశం విడిచే అనుమతి కూడా, ఆన్‌లైన్లో రెండుసార్లు తిరిగొచ్చి మూడోసారి వచ్చింది. ఆపరేషన్‌కు రెండు రోజులుంది. మిన్సుకు సెలవు దొరకలేదు. అతను, నేను బెంగళూరు విమానాశ్రయం దాకా పోయాం. సాయంత్రం, గేటు దగ్గర బారెడు వరస.

గేటులో తుపాకీ వేసుకున్న జవాను సోయన్ పాస్‌పోర్టు చూసి ఇచ్చేశాడు. బిడ్డ పత్రం తీసుకున్నాడు. ఫోటో చూశాడు. గుడ్డలో చుట్టిన బిడ్డను చూశాడు. మళ్లీ ఫోటో. బిడ్డ గాఢ నిద్రలో ఉంది. ఫోటోలో మాత్రం కళ్లు ఇంతింత తెరిచి ఉంది.

వెనక ఎవరో విసుక్కున్నారు. పసిబిడ్డను ఏం పోలుస్తావయ్యా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ నెలలో మొదటిసారి మింగాను.

అతను పంపేయలేదు, పంపననీ అనలేదు. ఊరికే ఆగాడు. సోయన్ సంగతి గ్రహించి బిడ్డ అరికాలు గీరింది. మెల్లగా ఒక కన్ను, తర్వాత రెండోది. అదే చూపు, ఎవరీ మనుషులు అన్నట్టు. జవాను వంగి, పెద్ద ఆఫీసరును చూసినంత శ్రద్ధగా ఆ మొహాన్ని చూశాడు. ఫోటో చూశాడు.

"అవును, ఈమే" అన్నాడు కన్నడంలో. పత్రాన్ని బిడ్డ గుడ్డ మీదే పెట్టి దారి ఇచ్చాడు.

మూడో రోజు సోయన్ నుంచి మెసేజ్ వచ్చింది. అమ్మ ఆపరేషన్ గదిలోకి పోయేముందు బిడ్డను ఎత్తుకుంది, బయటికి వచ్చాక బిడ్డను పేరు పెట్టి పిలిచింది అని. ఖాదర్‌బీకి చదివి వినిపించాను. ఆమె కాసేపు కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఆ తర్వాత అడిగింది.

"అయితే గేటుకాడ పాపను ఎట్ల గుర్తుపట్టినారు పద్మమ్మా?"

"నిద్ర లేచేదాకా ఆగినారు బీబమ్మా."